పళ్ళెం కింద సీసం

పోయిన నెల నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకుందామని చెయ్యి వెనక్కి పెడితే ప్రాణం పోయినంత పనైంది. హనుమకొండలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ వయసులో ఆడవాళ్ళకు ఇది మామూలేనని ఓదార్చి, తలుపుకు తగిలించుకునే గిలక ఒకటి కొనుక్కుని రోజూ చెయ్యి పైకీ కిందికీ ఆడించమన్నాడు. మా ఆయన ఫోనులో ఆర్డరు పెడితే రెండు రోజుల్లో అట్టపెట్టె వచ్చింది. విప్పి చూస్తే లోపల ఒక గిలక, ఒక తాడు, రెండు పిడులు, నాలుగు భాషల కాగితం. ఆ నాలుగింటిలో తెలుగు లేదు. దాన్ని చేత్తో పట్టుకుని నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే, నొప్పి మాత్రలు తలకెక్కాయేమోనని మా ఆయన డాక్టరు చీటీ తీసి చదవడం మొదలుపెట్టాడు. ఇటువంటిదే మా పెద్దబాపు ముప్పై ఏళ్ళ కిందట బావి గిలకతోనూ తక్కెడ పళ్ళెంతోనూ చేశాడని ఆయనకు ఎట్లా చెప్పను?

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. నాకు బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చి వర్ధన్నపేట నుంచి వరంగల్ వచ్చినప్పుడు, పెళ్ళికాని పిల్లను గది తీసుకుని ఒంటరిగా ఉండనిస్తామా అని ఇంట్లో అందరూ కలిసి నన్ను ఆయన ఇంటికి పంపారు. వాళ్ళకు పిల్లలు లేరు. బజారులో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టులో సగం మా పెద్దమ్మది, కిరాణం. మిగతా సగం పెద్దబాపుది, అక్కడ ఆయన కాంటాలు బాగుచేసేవాడు. అరిగిన బాట్లకు, అంటే తూకపు రాళ్ళకు, సీసం పోసి సరితూకం చెయ్యడం, తక్కెడ దండె వంగితే సరిచెయ్యడం, దాని ముల్లు నిటారుగా నిలబెట్టడం ఆయన పని. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజను మొదలయ్యేముందు కాంటాలన్నీ ఆయన చేతి కింద నుంచే పోవాలి. ఎవరి కొట్టుకు వెళ్ళినా కూర్చోకముందే తక్కెడ పళ్ళెం బోర్లించి అడుగు చూసేవాడు. కొందరు పళ్ళెం అడుగున మైనంతో సీసం ముక్క అతికించి తూకంలో మోసం చేస్తారు గదా, అది పట్టుకోవడానికి. పాపం, ఒకసారి అట్లా సొంత బావమరిది కొట్టులోనే సీసం బయటపడింది. పెద్దబాపు ఆ సీసం గీకి తీసి కౌంటరు మీద పెట్టి వచ్చేశాడు. ఆ తరువాత ఏడాదిపాటు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ బావమరిది మా పెద్దమ్మకు తోడబుట్టిన అన్న. ఏడాదంతా ఆమె మౌనంగా నలిగిపోయింది గాని, ఈయన మాత్రం కరగలేదు.

అంత నిక్కచ్చి మనిషికి ఒక పిచ్చి ఉండేది. ఏ వస్తువు కనబడినా అది చేస్తున్న పని చాలదని, దానికి ఇంకో పని అప్పజెప్పాలని చూసేవాడు. ధర్మసాగర్ చెరువు నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ ఎప్పుడొస్తాయో చెప్పలేం. అందుకని నల్లా కింద ఒక డాల్డా డబ్బాను ఇరుసు మీద నిలబెట్టాడు. నీళ్ళు రాగానే డబ్బా నిండి, ఒరిగి, ఇత్తడి పళ్ళెం మీద దబ్బున పడేది. మా ఇల్లే కాదు, వాడకట్టు మొత్తం ఆ చప్పుడుకే లేచి బిందెలు పట్టుకునేది. అది బాగానే పనిచేసింది. కుట్టుమిషను పెడలుతో మజ్జిగ చిలికే యంత్రం మాత్రం మొదటిరోజే మజ్జిగను ఇంటి కప్పుకు అంటించింది. ఇక మిరపకారం జల్లెడపట్టే ఫ్యాను సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని స్విచ్చి వేసిన రోజు ఎదురు బట్టల కొట్టులో బేరం చేస్తున్న పెళ్ళివారు కూడా తుమ్ముకుంటూ బయటికి పరుగెత్తారు. పెద్దమ్మ అప్పుడు కూడా తిట్టలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఈసారి జాలీ జర సన్నది పెట్టుర్రి అన్నది.

పెద్దమ్మ చెయ్యి గురించి చెప్పాలి. పాత పేపరు చింపి, గరాటులా చుట్టి, పప్పు పోసి, అంచు మడిచి, పైన వేలాడే ఉండలోంచి దారం లాగి నాలుగు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేది. కళ్ళు మాత్రం ఎదుటి మనిషి మీదే ఉండేవి. వాళ్ళ ఇంటి సంగతులు అడుగుతూ ఉండేది. పొట్లం కట్టడం ఆమెకు పనిలా ఉండేది కాదు, ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేది. మా వాళ్ళలో తూకం లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు. మొదటిదాన్ని లాభం అంటారు, ఆ తరువాతే రెండు, మూడు. పొద్దున మొదటి బేరానికి ఆమె లాభం అనే తీరు వింటే, ఆ రోజు మనకే ఏదో కలిసొస్తుందేమో అనిపించేది.

ఒక ఎండాకాలం పొద్దున, దారం అందుకోబోయి ఆమె కుడిచెయ్యి గాలిలోనే ఆగి, మనిషి పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. దవాఖానలో పన్నెండు రోజులు ఉండి ఇంటికి వచ్చింది. మూతి కొంచెం వంకర తిరిగింది, మాట మెల్లగా వచ్చింది. కుడికాలు ఈడ్చేది. చెయ్యి మాత్రం ఎవరిదో వస్తువు తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు పడి ఉండేది. నాలుగో రోజు పెద్దబాపు పాత సైకిలును తలకిందులు చేసి, మంచం ముందు బిగించి, పెడళ్ళకు ఆమె కాళ్ళు గుడ్డపేలికలతో కట్టాడు. ఆ మంచి కాలు తిప్పితే దాంతోపాటు ఈ కాలూ తిరిగేది. ఆషాఢమాసం వచ్చేసరికి ఆమె కర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచింది.

చెయ్యి మాత్రం కదలలేదు. ఆ కొట్టు కిరాయికి కావాలని పక్క కొట్టతను అప్పటికే అడుగుతున్నాడు. పెద్దమ్మ ఒకరోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, దసరా దాకా చూస్తాననీ, దసరానాడు కాంటాకు పూజ చేసేలోపు పొట్లం కట్టరాకపోతే కొట్టు అతనికి ఇచ్చెయ్యమంటాననీ చెప్పింది. ఉత్త చేతులతో గల్లా ముందు కూర్చోవడం తనవల్ల కాదన్నది. ఆ మాట నేను పెద్దబాపు చెవిన వేశాను. ఆయన ఆ సాయంత్రమే దూలానికి బావి గిలక కట్టాడు. గిలక మీదుగా తాడు వేసి, ఒక కొసకు మెత్తటి చీరపేలిక ముడివేసి ఆమె మణికట్టుకు తొడిగాడు. రెండో కొసకు తక్కెడ పళ్ళెం కట్టి అందులో బాట్లు పెట్టాడు. పళ్ళెం బరువుకు చెయ్యి పైకి లేవాలి. ఎంత పైకి లేచిందో తెలియడానికి గిలకకు తక్కెడ ముల్లు బిగించి, వెనక గోడ మీద సున్నంతో గీతలు గీశాడు. ఆ తరువాత రోజంతా కూర్చుని, కాంటా సరిచేసినట్టే, చెయ్యికీ పళ్ళేనికీ సరితూకం కుదిర్చాడు. వేలితో తాకితే చాలు, చెయ్యి తేలిపోయేది. ముల్లు పదో గీత దాకా పోయి వచ్చేది. ఆయన పక్కన నిలబడి లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టేవాడు. చూడవచ్చిన వాళ్ళందరూ నోరెళ్ళబెట్టారు. నేనూ మెచ్చుకున్నాను. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, నాకైనా అనుమానం రావద్దా?

దవాఖానలో కసరత్తు చేయించే అమ్మాయి ఒకతి ఉండేది. మా మీద అభిమానంతో ఒకరోజు ఇంటికి వచ్చి చూసింది. గిలకను మెచ్చుకుంది, ముల్లును మెచ్చుకుంది. ఆ తరువాత మెల్లగా అన్నది, "మిషన్ మంచిగుంది పెద్దాయనా. కని చెయ్యి లేపేది మిషనే, అమ్మ కాదు. వారానికింత బరువు తియ్యుర్రి. కష్టమైతది, అయినా తియ్యుర్రి."

సరితూకమే సరైనదని బతుకంతా నమ్మిన మనిషి పెద్దబాపు. అయినా మరుసటి రోజు పొద్దున మా ఇద్దరి ఎదుటే వంద గ్రాముల బాటు తీసి పక్కన పెట్టాడు. పెద్దమ్మ పళ్ళు బిగబట్టి మూలిగింది. చెమట పట్టింది. చెయ్యి మూడో గీత దగ్గరే వణికి కిందపడింది. ఆయన గబగబా వాకిట్లోకి వెళ్ళిపోయాడు. రెండో రోజు ఎట్లాగో తెలియదు గాని చెయ్యి మళ్ళీ పదో గీత దాకా పోయింది. అట్లా వారానికొక బాటు తీస్తూ పోయాడు. చెయ్యి లేస్తూనే ఉంది. నెల దాటేసరికి పళ్ళెంలో రెండంటే రెండు బాట్లు మిగిలాయి. నేను బడిలో టీచర్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

పెద్దమ్మ మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఒక ఆదివారం పెద్దబాపు మార్కెట్‌కు పోయి ఉన్నాడు. ఆమె దువ్వెన కుడిచేత్తో పట్టుకుని లేపబోయింది. ఆ చెయ్యి ఒళ్ళోంచి బెత్తెడు కూడా లేవలేదు. గిలక వైపు చూసింది. ఇన్ని బాట్లు తీసినా తాడు చప్పుడు మొదటిరోజు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉన్నదని తనలో తాను అనుకున్నట్టు అన్నది. ఆ తరువాత నన్ను పిలిచింది.

"బిడ్డా, పళ్ళెం బోర్లించు."

బోర్లించాను. అడుగంతా సీసం. మైనంతో అతికించి, చెయ్యి తగిలినా తెలియకుండా అంచులు నున్నగా అరగదీసి, ఒకదాని మీద ఒకటిగా రేకులు. తీసిన ప్రతి బాటుకూ సరిగ్గా అంతే బరువు. పనిలో అప్పుడు కూడా తప్పు లేదు.

పెద్దబాపు వచ్చేసరికి ఆ పళ్ళెం బోర్లించినట్టే గడప దగ్గర పెట్టి ఉంది. చెప్పులు విడవకుండా నిలబడిపోయాడు. పెద్దమ్మ అరవలేదు. ఆమెకు మాటే మెల్లగా వచ్చేది, ఆ రోజు ఇంకా మెల్లగా వచ్చింది.

"మా అన్న కొట్టుల సీసం దొరికితె ఏడాది నీళ్ళు ముట్టలే. మరి నేనెన్ని రోజులు నీ చేతి నీళ్ళు ముట్టకుండ ఉండాలె?"

పెళ్ళయిన నాటినుంచి ఆమె ఆయన్ని మీరు అనే తప్ప నువ్వు అనడం ఎవరూ విని ఉండరు. పెద్దబాపు గడప మీదే కూలబడ్డాడు. పెద్దవాళ్ళు ఏడవడం చూడకూడదని నేను లోపలికి వెళ్ళబోయి తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, "నువ్వు మూలుగుతాంటె నీ మొకం సూడలేకపోయిన" అన్నాడు.

పెద్దమ్మ ఎడమచేత్తో కర్ర పట్టుకుని లేచి, మెల్లగా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"రేపటి సంది నా మొకం సూడకుర్రి. ముల్లు దిక్కు సూడుర్రి."

మీరు అనే పిలుపు తిరిగి వచ్చింది. నాకు అక్కడే తెలిసిపోయింది, ఆమె నీళ్ళు ముట్టకుండా ఉండబోవడం లేదని.

మరుసటి రోజు నుంచి పెద్దబాపు ఆమెకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సీసం తీసేసిన పళ్ళెం, అందులో ఆ రెండు బాట్లు. వెనక ఆమె మూలుగు. ముందు ముల్లు. లాభం అని ఆగేవాడు. ముల్లు ఒకటో గీత దాకా వచ్చి కిందికి జారేది. ఆయన చెవులు ఎర్రబడేవి, రెండు చేతులతో కండువాను పిండేసేవాడు, కానీ తల తిప్పలేదు. కొన్ని రోజులు రెండు అనే దాకా కూడా పోలేదు. ఒకటే లాభంతో దుకాణం మూశామని పెద్దమ్మే నవ్వేది. వినాయకచవితి దాటాక ముల్లు నాలుగో గీతకు వచ్చింది. బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చేసరికి ఆరో గీత. అదీ ఆ రెండు బాట్లూ తీసేసిన ఒట్టి పళ్ళెంతో. అప్పుడు పెద్దబాపు గోడ వైపే చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు. వెనక నుంచి ఆమె లెక్క తప్పిస్తున్నారని కసిరింది.

దసరానాడు కాంటాలన్నీ కడిగి పసుపూ కుంకుమా పెట్టాం. పెద్దమ్మ గల్లా ముందు కూర్చుని పాత పేపరు అడిగింది. గీకి తీసిన ఆ సీసం రేకులు అందులో పెట్టింది. ఎడమచెయ్యి చుట్టింది, కుడిచెయ్యి ఒత్తిపట్టింది. పైనున్న ఉండ దాకా కుడిచెయ్యి ఎత్తి దారం అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పొట్లం ఒక పక్కకు ఉబ్బి, ముడి వదులై, చూడటానికి అధ్వానంగా ఉంది. దాన్ని ఆమె పెద్దబాపు చేతిలో పెట్టి, "లాభం" అన్నది. పక్క కొట్టతను ఆ పండుగకు జమ్మి ఆకు ఇచ్చి దండం పెట్టి పోయాడు, కిరాయి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరువాత కొట్టు ఇంకా పదేళ్ళు నడిచింది. అంతలో ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి, పొట్లాలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. కరెంటు కాంటాలు వచ్చాయి, పెద్దబాపుకు పని తగ్గింది. వాటికి ముల్లే లేదు, వాటిని నమ్మేదెట్లా అనేవాడు. ముందు ఆయన పోయాడు. ఆమె పోయేముందు ఆ పొట్లం నాకిచ్చింది. బీరువాలో ఉంది. పేపరు పసుపుపచ్చగా మారింది. విప్పలేదు, విప్పను కూడా.

నిన్న పొద్దున తలుపు గిలక పట్టుకుని చెయ్యి లేపుతున్నాను. ఇన్ని రోజులుగా చెవి దాటని చెయ్యి ఒక్కసారిగా తల పైకి పోయింది. ఇంత తేలిగ్గా ఎట్లా లేచిందా అని తిరిగి చూస్తే, మా ఆయన వెనక నిలబడి నా మోచేతి కింద అరచెయ్యి పెట్టి ఉన్నాడు. దొరికిపోయిన మొహం. భుజం పట్టుకుని ఆయన్ని గోడ గడియారం వైపు తిప్పి నిలబెట్టి, లాభం అని మళ్ళీ మొదలుపెట్టాను. కాలం మన పళ్ళెంలోంచి రోజుకొక బాటు తీసుకుంటూ పోతుంది. మనవాళ్ళేమో అడుగున దొంగచాటుగా సీసం అతికిస్తూనే ఉంటారు.