ఆపా నేర్పిన ‘ఖ’

మా బడిలో స్పానిష్ చెప్పేది నేనొక్కదాన్నే. ఆ భాషలో నా నోరు నిజంగా బాగా పలికే శబ్దం ఒకటుంది. అది స్పెయిన్‌లో నేర్చుకున్నది కాదు, బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే బస్సులో నేర్చుకున్నది.

నేర్పింది మా బడి ఉర్దూ టీచర్. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మిగతావాళ్లు మేడం అనేవాళ్లు, నేను మాత్రం ఆపా అనేదాన్ని, ఉర్దూలో అక్క అని. ఇద్దరి ఇళ్లూ బోధన్‌లోనే కనుక పొద్దున ఒకే బస్సు ఎక్కేవాళ్లం. చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పటి నుంచి ఆమె భర్తకు పని లేదు. ఇల్లంతా ఆపా జీతం మీదే నడిచేది. ఆ సంగతి నాకు తెలియదని ఇప్పుడు చెప్పుకునే వీలు కూడా లేదు.

అప్పట్లో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒక ఏడు మా ప్రిన్సిపాల్ సార్‌కు స్పానిష్ పిచ్చి పట్టుకుంది. హైదరాబాద్ బడుల్లో ఫ్రెంచి, జర్మన్ ఉండగా మన దగ్గర ఇంకో భాష ఎందుకు ఉండకూడదని ఆయన పంతం. టీచర్లలో ఒకరిని మూడు నెలలు స్పెయిన్ పంపి శిక్షణ ఇప్పిస్తామన్నారు. కోటగిరి దగ్గర చెరుకు తోటల మధ్య పెరిగినదాన్ని, విమానాన్ని తలెత్తి చూడటమే తప్ప ఎక్కింది లేదు. అందరికంటే ముందు పేరిచ్చాను.

ఎంపిక కావాలంటే మొదటి పాఠాలు ఆన్‌లైన్‌లో నేర్చుకుని, అక్కడివాళ్లకు ఒక పేజీ చదివి వినిపించాలి. ఆ పేజీలో నన్ను ఏడిపించింది ఒకే ఒక్క అక్షరం. రాయడం ఇంగ్లీషు ‘జె’ లాగే రాస్తారు, పలకడం మాత్రం గొంతు లోపల గీరినట్టు పలుకుతారు. మన ‘హ’ చాలదు, మన ‘ఖ’ సరిపోదు. నేను పలికితే మెట్లెక్కి ఆయాసపడ్డట్టు ఉండేది.

ఆపా రెండు రోజులు ఓపిగ్గా విని, మూడో రోజు నవ్వేసింది.

“అరే, గిది మా ఉర్దూ ఖబర్‌ల, ఖత్‌ల వచ్చేదే గద. గొంతుల చేప ముల్లు ఇరికిందనుకో. మెల్లగ బయటికి తియ్యి.”

ఆ రోజు నుంచి బస్సు ఎడపల్లి దాటేదాకా ముల్లు తీయడమే నా పని. ఒకసారి ముందు సీట్లోని అవ్వ కంగారుపడి వెనక్కి తిరిగింది. “పిల్లకు గొంతుల ఏమో ఇరికింది, జర నీళ్లు తాగిపియ్యుండ్రి,” అంది. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంకోసారి స్పానిష్‌లో సబ్బును ఏమంటారని అడిగింది. ‘ఖబోన్’ అన్నాను.

“మా సాబూనే గద! జర జలుబు చేసింది దానికి.”

ఎంపికయ్యాను. కాగితాల మీద సంతకం పెట్టే రోజు ప్రిన్సిపాల్ సార్ వచ్చే ఏడాది టైంటేబుల్ నా ముందు పెట్టాడు. ఉర్దూ ఉండాల్సిన ప్రతి గడిలోనూ స్పానిష్ రాసి ఉంది.

“ఉర్దూ తీసుకునే పిల్లలు తగ్గిపోయిండ్రు మేడం. ఆమెకు నేనే చెప్త. మీరు ఇప్పుడే ఏం అనకుండ్రి,” అన్నాడు.

సంతకం పెట్టాను. మరునాడు బస్సులో ఆపా నా కోసం కిటికీ పక్కన సీటు ఆపి ఉంచింది. చెబుదామనే నోరు తెరిచాను. “ఊఁ, ముల్లు తియ్యి,” అంది. తీశాను.

స్పెయిన్‌లో రోజూ ఆ రోజు పాఠం చదివి ఫోన్‌లో ఆపాకు పంపేదాన్ని. “మూడో మాట దగ్గర బద్ధకం చేసినవ్, మల్ల పంపు,” అని జవాబు వచ్చేది. స్పానిష్ ఒక్క ముక్క రాని మనిషి అంత దూరం నుంచి నా తప్పులు దిద్దేది. అక్కడ మాకు చెప్పే పంతులమ్మ నా ఉచ్చారణ మెచ్చుకుని, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగింది. మా ఊళ్లో ఒక అక్క ఉంది, ఆమె దగ్గర అని గొప్పగా చెప్పాను. అంత దూరంలో నిజం చెప్పడం తేలికే. ఆపా గొంతు విన్న ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆ జవాబులు ఆగిపోతాయని భయం. చివరి పరీక్ష ఇంకా ఉంది. ఇంతకంటే మర్యాదైన కారణం వెతికాను, దొరకలేదు.

తిరిగి వచ్చాక అక్కడ కొన్న సబ్బు ఒకటి పట్టుకుని ఆపా ఇంటికి వెళ్లాను. అప్పటికే బడివాళ్లు ఆమెకు చెప్పేశారు. చాయ్ ఇచ్చి, సబ్బు మీది కాగితం తిప్పి చూసి, “ఖబోన్,” అంది. నాకంటే బాగా పలికింది.

“నీకు ఎప్పుడు ఎరుకైంది?” అని అడిగింది.

“పోకముందే, ఆపా.”

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాళ్లు పట్టుకుని ఏడ్చి, మనసు తేలిక చేసుకుని ఇంటికి వచ్చేదాన్ని.

“దినాం గన్ని మాటలు సదివి పంపినవ్ బిడ్డా,” అంది. “గీ ఒక్క మాట నోటికి రాలేదా?”

ఇప్పుడు ఆపా ఇంటి దగ్గర నలుగురైదుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. నేను బస్సులో ఒక్కదాన్నే వస్తున్నాను.

మొన్న ఆరో తరగతికి ‘త్రబాఖో’ అనే మాట చెప్పాను. పని అని అర్థం, ఉద్యోగం అని కూడా. పిల్లలెవరికీ ఆ శబ్దం రాలేదు. గొంతులో చేప ముల్లు ఇరికిందనుకోండి, మెల్లగా బయటికి తీయండి అన్నాను. క్లాసంతా ఒకటే దగ్గు, నవ్వులు. ముందు బెంచీ అమ్మాయికి మాత్రం చక్కగా వచ్చేసింది. సంబరంగా లేచి నిలబడింది.

“టీచర్, మీకు గిది ఎవరు నేర్పిండ్రు?”

అప్పుడే తలుపు దగ్గర ప్రిన్సిపాల్ సార్, బిడ్డను చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకు నా క్లాసు చూపిస్తున్నాడు.

“స్పెయిన్‌లో నేర్చుకున్నానమ్మా,” అన్నాను.