నజీరా చూడని నడక

బాపిరాజు నలభై సూట్ల మూటను తెచ్చి నజీరా మిషను మీద విసిరేసిన రోజున నేను అక్కడే ఉన్నాను. జిప్పుల కట్ట ఇచ్చిపోదామని వెళ్ళాను. పటాన్‌చెరు బజారులో మా దారాల దుకాణానికీ ఆమె కుట్టు కొట్టుకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు అటూ ఇటూ మేమిద్దరం ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాం.

బాపిరాజు గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలకు బట్టలు సరఫరా చేసే కాంట్రాక్టరు. కోస్తా మనిషి. మాట చివర ‘అండీ’ తగిలిస్తాడు, మాట నిండా విషం పెడతాడు.

“అన్నీ బిగుతేనండీ. మనిషి వంగాడంటే వెనకాల పర్రున చిరిగిపోతాయి. నలభైకి నలభై వాపసు.”

నజీరా కత్తెర కింద పెట్టింది. “ఎవలు వంగిండ్రు? ఎవలకు చిరిగింది?”

“చూస్తేనే తెలుస్తోంది కదండీ.”

“సూస్తే తెల్సేదైతే నేను టేపెందుకు పట్టుకుంట? తొడుక్కో.”

“నేనా?”

“నువ్వే. నీ అంత పొట్ట ఆ ఫ్యాక్టరీల ఎవనికన్న ఉన్నదా? నీకు పట్టిందంటే ఊరందరికీ పడ్తది.”

ఎదురుగా చాయ్ అమ్మే యాదన్న ముందు నవ్వాడు. ఆ తరువాత బజారంతా గుమిగూడింది. పదిమంది చూస్తుండగా కాదని వెళ్ళిపోతే పరువు పోతుంది, తొడుక్కున్నా పోతుంది. బాపిరాజు తొడుక్కున్నాడు. తల నుంచి పాదం దాకా ఒకటే తెల్ల బట్ట. పిండి బస్తాకు కాళ్ళు మొలిచినట్టున్నాడు.

“ఇగ కూసో. లే. మళ్ళ కూసో. చేతులు మీదికి. వంగి నీ బొటనవేలు పట్టుకో.”

పదకొండోసారికి తెగింది కుట్టు కాదు, బాపిరాజు ఊపిరి. మూట తనే కట్టుకున్నాడు, తనే మోసుకుపోయాడు.

“బట్టను నిలబడెటోని కోసం కుట్టరు, బాపిరాజు గారూ,” అని వెనక నుంచి అరిచింది నజీరా. “వంగెటోని కోసం కుడ్తరు!”

ఆ రోజు నేను కడుపుబ్బ నవ్వాను. ఆమె కుట్టినది తొడుక్కుని ఆమె ఎదుట నిలబడిన మనిషి అంతవరకూ వాడొక్కడేనని నాకు అప్పుడు తెలియదు.

ఆమె కుట్టే బట్ట అలాంటిది. మందుల పొడి తయారయ్యే గదుల్లోకి దుమ్ము పోకూడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు ఈ తెల్ల సూటు తొడుక్కుంటారు. దానికి గుండీ ఉండదు, జేబు ఉండదు. జేబు ఉంటే అందులో దుమ్ము దాక్కుంటుందట. ఒక్క దారప్పోగు బయటికి వేలాడకూడదు. వాటిని లోపలే తొడుక్కుంటారు, లోపలే విప్పుతారు, లోపలే ఉతుకుతారు. చినిగితే లోపలే కాల్చేస్తారట. బయటివాళ్ళను ఆ గదుల ఛాయలకు రానివ్వరు. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని వేల సూట్లు కుట్టిందో ఆమెకే లెక్క లేదు. లోపలికి పోయిన ఏ ఒక్కటీ మళ్ళీ ఆమె కంటబడలేదు.

ఆ కన్ను కూడా పోయింది. ట్యూబులైటు కింద తెల్ల గుడ్డ మీద తెల్ల దారం వేసీ వేసీ, కుడి కంట్లో పాలు పోసినట్టయింది. మొన్న ఎండాకాలంలో సంగారెడ్డి డాక్టరు చూసి, ఎడమది కూడా సగమే ఉందని, మిషను మానెయ్యమని చెప్పాడు. ఆమె బస్సు దిగి సొంత కొట్టుకు పోకుండా మా దుకాణంలో ముక్కాలి పీట మీద కూలబడింది.

“మూసేస్తున్న అరుణక్కా. ఫ్యాక్టరీలోళ్ళు కూడా ఇప్పుడు ఒక్కసారి తొడిగి పారేసేవి తెప్పించుకుంటున్నరు. నా పనేమున్నది?”

“మంచిదే. కాళ్ళు సాపుకొని కూసో.”

“ఒక్కటే బాధ. ఇన్ని కుట్టిన, ఒక్కటన్న నడుస్తుంటె సూడలే.”

“బాపిరాజును సూసినవ్ గదనే.”

“వాడు కూసున్నడు, లేసిండు. నడువలే.”

నాకు నవ్వు రాలేదు. 

మూసేద్దామనుకున్న వారంలోనే విశ్వేశ్వర్ వచ్చాడు. పటేల్‌గూడలో ఉంటాడు, మందుల ఫ్యాక్టరీలో పని. నజీరా కుట్టిన సూట్లే ఏళ్ళ తరబడి తొడుక్కున్న మనిషి. అతని కూతురు అనూహ్య ఇంజనీరింగు చదువుతోంది. హైదరాబాదులో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంబరం ఒకటి జరుగుతుందట. రాబోయే కాలం కథలన్నా, వేరే గ్రహాల కథలన్నా పిచ్చి ఉన్నవాళ్ళు వేలమంది చేరతారట. అక్కడ వేషాల పోటీ. ఈ పిల్ల సొంతంగా ఒక వేషం కల్పించుకుంది: చంద్రుడి మీద విత్తనాలకు కాపలా కాసే మనిషి. బొమ్మ గీసి తండ్రి చేతికిచ్చి పంపింది.

“పిట్ట లేదు, పంది లేదు, అక్కడ కాపలా ఎందుకయ్యా?” అన్నాను.

“నాకేం తెల్సమ్మా,” అన్నాడు విశ్వేశ్వర్. “మా అనూహ్య చెప్పింది. నువ్వు రోజు తొడుక్కునేటిది ఎవలు కుడ్తరో వాళ్ళతోనే కుట్టియ్యి నాన్నా అన్నది.”

నజీరా ఆ బొమ్మను ఎడమ కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది. “ఇది తొడుక్కొని నడుస్తదా?”

“స్టేజీ మీద, అందరి ముందట.”

“నన్ను లోపలికి రానిస్తరా?”

“పోటీల ఉన్నోళ్ళు ఇద్దరిని తెచ్చుకోవచ్చట.”

“అయితె కుడ్త,” అన్నది. కూలి మాట ఎత్తనే లేదు.

పది రోజులు పట్టింది. మునుపైతే పూటకు రెండు కుట్టేది. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. పిల్లకు పరీక్షలని కొలతలు కాగితం మీద వచ్చాయి. సూటు కూడా విశ్వేశ్వరే డ్యూటీ నుంచి పోతూ పట్టుకుపోయాడు. తొడిగి చూడటం అనేది జరగలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం. ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు మీద బస్సెక్కాం. కూర్చోవడానికి చోటు దొరకలేదు. లింగంపల్లిలో దిగి ఇంకో బస్సు, అది దిగి ఎండలో నడక. ఆ హాలు ముందు క్యూ చూసి నా ప్రాణం అక్కడే సగం పోయింది. ఇనుప తలకాయలు, ఆకుపచ్చ మొహాలు, నాలుగేసి చేతులు. బోనాల్లో పోతరాజును చూసిన కళ్ళకు ఇవొక లెక్కా అని నాకు నేను చెప్పుకుంటూ నజీరా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

గేటు దగ్గర సంచీ వెతికిన పిల్ల నజీరా కత్తెర బయటికి తీసింది. “ఇది లోపలికి వద్దు ఆంటీ.”

మా వెనకవాడు నా ఎత్తున్న తుపాకీతో దర్జాగా లోపలికి పోయాడు.

“గాయన తుపాకి తీస్కపోతుండు గదమ్మా!” అన్నాను.

“అది ప్లాస్టిక్, అమ్మమ్మా.”

“మా కత్తెర బట్టలు కోస్తది, మనుషుల్ని కొయ్యది.”

నజీరా నా కొంగు గుంజింది. “ఇచ్చెయ్ అక్కా. లేటయితది.” కత్తెర ఇచ్చి టోకెను తీసుకున్నాం. చపాతీలు కూడా లోపలికి వద్దంటే గేటు పక్కన నిలబడి తిన్నాం. చేతికి కాగితం పట్టీ కట్టి పంపారు.

లోపల జాతరే. పుస్తకాలు, బొమ్మలు, దీపాలు, చెవులు పగిలే పాటలు. ఒళ్ళంతా నీలం రంగు పూసుకున్న ఒకడు స్తంభానికి ఆనుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు. అంతమందిలో నాకు అర్థమైన మనిషి వాడొక్కడే.

పోటీ మూడింటికన్నారు. నాలుగైంది, అయిదైంది. స్టేజీ వెనక వేషగాళ్ళుండే చోట ఒక్క కుర్చీ లేదు. నేల మీద కూర్చున్నాం. నజీరా ప్రతి అరగంటకూ అడిగేది, “ఇంక రాలేదా అనూహ్య?” అని.

ఆరు దాటాక వచ్చింది పిల్ల. సూటు తొడుక్కునే వచ్చింది. కాని ఎలా వచ్చింది? రెండు చేతులతో నడుము పట్టుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ. ఛాతీ మీద, తల చుట్టూ చిన్న చిన్న దీపాలు అంటించుకుంది. వాటి బ్యాటరీ డబ్బాను లోపల టేపుతో నడుముకు అతికించుకుందట. చెమటకు టేపు ఊడింది. చెయ్యి వదిలితే డబ్బా సూటు కాలిలోకి జారుతుంది, దీపాలు ఆరిపోతాయి.

“జేబులో పెట్టరాదా?” అన్నాను.

పిల్ల తల దించుకుంది. “జేబు లేదు అమ్మమ్మా. పర్వాలేదు, నేను పట్టుకునే నడుస్త.”

నజీరా తలెత్తింది. “బొమ్మల జేబున్నదా?”

పిల్ల ఫోనులో బొమ్మ తీసి చూపించింది. నడుము దగ్గర, లోపలి వైపు, ఎర్ర గీతతో జేబు. నజీరా దాన్ని వేలితో తడిమింది.

“సూసిన బిడ్డా. కుట్టేముందు సూసిన. నా చెయ్యి పెట్టలే.”

ఇరవై ఆరేళ్ళు జేబు పెట్టకుండా కుట్టిన చెయ్యి అది. కళ్ళు చూసినా, మనసుకు తెలిసినా, చెయ్యి తన అలవాటునే కుట్టింది.

“నీ కంటె ముందు ఎంతమంది ఉన్నరు?”

“ఐదుగురు.”

నజీరా బురఖా మెడపట్టీలో ఎప్పుడూ ఒక సూది, దానికి చుట్టిన దారం ఉంటాయి. బస్సులో పోతున్నా ఉంటాయి. జేబుకు గుడ్డే లేదు. ఆమె తన బురఖా పక్క జేబును లోపలి నుంచి బయటికి లాగి, కుట్టును పళ్ళతో కొరికింది. కత్తెర గేటు దగ్గర హాయిగా ఉంది. నేను గోళ్ళతో గుంజాను. నల్ల జేబు ఊడి చేతికొచ్చింది.

“ఎక్కియ్యి అక్కా.”

ఆ రంగురంగుల వెలుతురులో నాకూ సూది బెజ్జం సరిగా కనపడలేదు. మూడోసారికి ఎక్కింది. నజీరా మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల నడుము దగ్గర జిప్పు తెరిచి, తల లోపలికి పెట్టినంత పని చేసి కుట్టడం మొదలుపెట్టింది. చూసి కాదు, తడిమి. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, సూటుకు రక్తం అంటకుండా ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

“అనూహ్య, పటేల్‌గూడ!” అని మైకులో పిలిచారు.

“అయిపాయె, అయిపాయె… పో!” దారం కొరికింది. డబ్బా జేబులో పడింది. దీపాలు భగ్గున వెలిగాయి. పిల్ల రెండు చేతులూ వదిలి పరుగెత్తింది.

నజీరా లేవబోయింది. లేవలేదు. మోకాళ్ళు పట్టేశాయి. నేను చంకల్లో చేతులు వేసి లాగాను. నాకు అరవై ఎనిమిది, ఆమె నాకంటే బరువు. ఇద్దరం మళ్ళీ నేల మీదే పడ్డాం.

“నువ్వు పో!” అన్నది. “నువ్వన్న పోయి సూడు.”

“నువ్వు లేకుంట నేనెందుకే?”

“పో అంటున్న గదా అక్కా!”

వెళ్ళాను. తెర పక్క నుంచి తొంగి చూశాను. పిల్ల స్టేజీ మధ్య దాకా నడిచింది, ఒంగి విత్తనం నాటినట్టు చేసింది, లేచింది, చేతులు పైకెత్తింది. జనం ఈలలు వేశారు. అంతే. నేను తిరిగి వచ్చేసరికి నజీరా గోడ పట్టుకుని నిలబడింది. చప్పట్లు అప్పటికే ఆగిపోయాయి.

బహుమతి రెక్కలున్న పిల్లగాడెవడికో వచ్చింది. అనూహ్య పెద్దగా బాధపడలేదు. సూటు విప్పి సంచీలో పెట్టుకుని వచ్చి, ఎవరో ఫోనులో తీసిన వీడియో నజీరాకు చూపించింది. నజీరా ఎడమ కంటికి ఆనించుకుని రెండుసార్లు చూసి, “మంచిగున్నది బిడ్డా,” అని ఇచ్చేసింది. ఆ తరువాత నాతో అన్నది, “దాంట్ల లైటే కనపడ్తున్నది అక్కా. గుడ్డ కనపడ్తలేదు.”

తిరుగు బస్సులో సీటు దొరికింది. బస్సు చందానగర్ దాటింది.

“ఎట్ల నడిసింది?” అని అడిగింది నజీరా.

“మంచిగ నడిసింది.”

“మంచిగ అంటె? వంగినప్పుడు యెనుక గుంజిందా?”

“గుంజలే అనుకుంట.”

“మోకాలు కాడ ముడత పడ్డదా? అడుగేసినప్పుడు కాలు కాలు రాసుకున్నదా?”

  దారాలు అమ్మి బతికినదాన్ని, కుట్టు చూడాల్సినదాన్ని, అందరిలాగే దీపాలు చూసుకుంటూ నిలబడ్డాను.

“నేను లైట్లు సూసిన నజీరా,” అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది.

వారం తరువాత అనూహ్య సూటు పంపించింది. నల్ల జేబు తీసేసి తెల్లది కుట్టి ఇస్తానని నజీరానే అడిగి తెప్పించుకుంది. తెల్ల జేబు ఒక్క పూటలో అయిపోయింది. ఆ తరువాత మిషనుకు నూనె వేసి, గుడ్డ కప్పి, తాడుతో కట్టేసింది. సూటు మాత్రం గోడ మేకుకు వేలాడుతూనే ఉంది. మూడు రోజులైనా పంపలేదు.

నిన్న మధ్యాహ్నం గోడ మీద తట్టింది. వెళ్ళాను. షట్టరు సగం కిందికి లాగి ఉంది. బల్ల, పీట ఒక మూలకు జరిపి ఉన్నాయి. సూటు ఆమె చేతిలో ఉంది.

“ఏందే ఇది?”

“తొడుక్కో.”

“నాకేమన్న పిచ్చా? అరవై ఎనిమిదేళ్ళ దాన్ని. ఎవలన్న సూస్తే?”

“షట్టరు ఏసిన గదా. చీర మీదికెళ్ళి తొడుక్కో, పడ్తది. బాపిరాజుకు పట్టలేదా?”

“ఆ పిల్లనే రమ్మనరాదు?”

“ఆ పిల్లకు తీరిక లేదు. నా కంటికీ లేదు.” సూటు నా భుజం మీద వేసింది. “ఈ గోడ కాడికెళ్ళి ఆ గోడ దాంక నడువు అక్కా. మళ్ళ ఇటు రా. జెర నిమ్మలంగ నడువు.”