ముగ్గు చుక్కల కంప్యూటర్

మొన్న బేతంచెర్లలో లారీలకు రంగులేసే షెడ్డు పక్కగా నడుస్తుంటే పచ్చి పెయింటు వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. వెంటనే సుగుణమ్మ మేడమ్ గుర్తొచ్చారు. టీచరు ఉద్యోగం వదిలి కడపలో కంప్యూటర్ల అంగడి పెట్టిన మనిషి ఆమె. కంప్యూటర్లు బిగించే పనిలో నాకు మొదటి యజమాని.

అప్పట్లో ఇళ్లకు వెళ్లే కంప్యూటర్లన్నీ పాలిపోయిన తెలుపే. కొన్నవాళ్లు గుడ్డ కప్పి గది మూలన పెట్టేవాళ్లు. ఒకరోజు మేడమ్ పత్రికలో ఒక విదేశీ కంప్యూటర్ బొమ్మ చూపించారు. నీలిరంగు ప్లాస్టిక్‌లోంచి లోపలి భాగాలన్నీ కనిపిస్తున్నాయి.

“చూడు పాపా, ఎంత ముద్దుగా ఉండాదో! దీన్ని చూస్తే ఎవురికైనా ముట్టుకోవాలనిపిస్తాది. మన డబ్బాలను చూస్తే ఆఫీసు గుర్తొస్తాది,” అన్నారు.

అలాంటిది మా ఊళ్లో దొరకదు. అందుకని ఒక ఖాళీ కంప్యూటర్ డబ్బాకు లారీ పెయింటర్‌ చేత నెమలికంఠం రంగు వేయించారు. నేను భాగాలన్నీ అమర్చి, పక్క రేకు తీసేసి, లోపల కనిపించేలా ప్లాస్టిక్ షీటు బిగించాను.

పులివెందుల వైపు నుంచి ఒక రైతు, ఆయన భార్య ఓబుళమ్మ వచ్చారు. ఆయన తెల్లవాటిని చూస్తుంటే ఆమె నీలందాని ముందే నిలబడిపోయింది.

“లోపల తిరుగుతాండేది ఏంది మేడమ్?”

“ఫ్యానమ్మా. వేడి బయటికి తోస్తాది.”

“మాకు ఇదే కావాల,” అంది ఓబుళమ్మ.

వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చారు. కాసేపటికే వేడెక్కి ఆగిపోతోందట. తప్పు నాదే. బొమ్మలోలాగా నున్నగా ఉండాలని, గాలి రంధ్రాలున్న రేకు తీసేసి ఒక్క రంధ్రమూ లేని షీటు బిగించాను.

“సోకు చూసి కొంటే ఇట్లే అయితాది. తెల్లదే ఇయ్యండి,” అని రైతు కోప్పడ్డాడు.

మేడమ్ నా వైపు చూడనైనా లేదు. “తప్పు నాదప్పా. షీటుకు బొక్కలు పెట్టించాల్సింది.”

“బొక్కలే కదా? యాడ పెట్టాల్నో నేను చూపిస్తా,” అంటూ ఓబుళమ్మ సుద్దముక్క అందుకుంది. షీటు మీద వరసగా ముగ్గు చుక్కలు పెట్టింది. చుక్కచుక్కకూ నేను డ్రిల్లుతో రంధ్రం వేశాను. సాయంత్రం దాకా నడిపి చూశాం. ఎక్కడా ఆగలేదు. రైతు డబ్బా మీద చెయ్యి పెట్టి చూసి, “సరే, ఎత్తకపోదాం పట్టు,” అన్నాడు.

వాళ్లు వెళ్లాక అడిగాను, “నా తప్పని ఎందుకు చెప్పలేదు మేడమ్?”

“చెప్పింటే రేపట్నించి నువ్వు తెల్ల డబ్బాలే బిగిస్తావు.”

తర్వాత ఓబుళమ్మ వాళ్ల ఊరి నుంచే మరో ఇద్దరు ఆడవాళ్లు చుక్కల కంప్యూటర్ కావాలని వచ్చారు. కొన్నేళ్లకు కంపెనీలే రంగురంగులవి పంపడం మొదలుపెట్టాయి. మేడమ్ ఇప్పుడు లేరు. కర్నూలులో నా అంగడిలో ముగ్గురు అమ్మాయిలు పనిచేస్తున్నారు. కొత్తగా ఏదో చేయబోయి వాళ్లు పాడుచేసినప్పుడు, వచ్చినవాళ్లతో నేనే మాట్లాడతాను. ఆ తర్వాత దాన్ని మళ్లీ వాళ్ల చేతే విప్పిస్తాను.