లేని కాలువ మీద తొమ్మిది మంది

మూడు జిల్లాల కూలీలను ఒక్క పూటలో కంప్యూటర్లోకి ఎక్కించిన మొనగాణ్ణి నేనేనని కరీంనగర్‌లో ఏ హోటల్లో చాయ్ తాగినా చెప్తుంటాను. ఒక్క పూట కాదు, పదకొండు రోజులు పట్టింది. మూడు జిల్లాలూ కాదు, మూడు పనులు: హుజూరాబాద్ వైపు కాలువ, మంచిర్యాల దగ్గర పంపుహౌసు, కరీంనగర్‌లో సామాన్ల యార్డు. ఎక్కించింది నేనొక్కణ్ణే కూడా కాదు.

బొగ్గుబావి టైమాఫీసులో ముప్పై ఏళ్లు మస్టర్ రాసి దిగినవాణ్ణి. ఆ మాట విని, కాలువల మరమ్మతు పట్టిన ఒక కంట్రాక్టరు కూలీల హాజరు చూడమని పిలిచాడు. కొత్త మస్టర్ పుస్తకం కొని, అట్ట వేసుకుని మరీ పోయాను. వాళ్లు పుస్తకం పక్కన పెట్టి చేతికి ఫోన్ ఇచ్చారు. ఇక మీదట ఎవరి ఫోన్‌లో వాళ్లు ముఖం చూపిస్తే మస్టర్ పడుతుందట. దానికి ముందు నేను పెద్ద ప్రాజెక్టు కింద సబ్-ప్రాజెక్టులు కట్టి, మనుషులను వాటిలో వేయాలి. ఏ మనిషి ఎందులో ఉంటే ఆ పని కిందే, ఆ షిఫ్టు వేళకే అతనికి హాజరు.

రెండు రోజులు నాకిది తలకెక్కలేదు. యార్డులో స్టోరు చూసే భాయ్ ఎక్కించాడు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను బడే భాయ్ అంటాడు, ఆ పిలుపులోనే సగం వెక్కిరింత.

"గింత పరేషాన్ ఎందుకు బడే భాయ్? పెద్ద కాలువ ఉన్నది గద. దానికి పిల్ల కాలువలు. ఏ పిల్ల కాలువ కింది పొలానికి గా కాలువ నీళ్లే. గంతే."

"గంతేనా?"

"గంతే. గిది కూడ రాకుంటె బావి కాడ ముప్పై ఏండ్లు ఏం జేసినవో జర చెప్పు."

అప్పటి నుంచి మేం ఆ సబ్-ప్రాజెక్టులను పిల్లలనే పిలుచుకున్నాం.

ఎండలు ముదిరేసరికి హుజూరాబాద్ కాలువ మీది కూలీల్లో తొమ్మిది మంది ఆంజనేయస్వామి మాల వేసుకున్నారు. మా వైపు ఏటా ఉన్నదే. కాషాయం కట్టి, నలభై ఒక్క రోజులు నియమంగా ఉండి, కొండగట్టుకు పోయి మాల తీస్తారు. అన్నాళ్లూ వాళ్లు ఎంత చిన్నవాళ్లయినా మనకు స్వాములే. చెప్పులు తొడగరు. చిక్కంతా అక్కడే. కాలువకు పరిచిన సిమెంటు మీద పొద్దెక్కాక కోడిగుడ్డు పెడితే ఉడుకుతుంది. ఉడకదులెండి. పెట్టి చూశాను, వెచ్చబడింది. కానీ అరికాళ్లు మాత్రం బొబ్బలెక్కుతాయి.

తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగిపోతామని వాళ్లడిగారు. షిఫ్టు వేళ మార్చాలంటే ఆ కాలువ మీది అందరికీ మారుతుంది. అందుకని నేను నాలుగో పిల్లను కట్టాను. పేరు 'స్వాములు'. తొమ్మిది మందినీ అందులో వేశాను.

వారం తిరక్కుండానే కంట్రాక్టరు హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్. "స్వాములు అని ఒకటి కొత్తగా కనిపిస్తోంది. మన కంట్రాక్టులో గుడి పని లేదు కదండీ?"

కూలీల కాళ్లు కాలితే మీరొచ్చి మందు రాస్తారా అని గద్దించానని హోటల్లో చెప్తాను. నిజానికి నేనన్నది ఇది: "గది కాలువ పేరు సార్. స్వాముల కాలువ. హుజూరాబాద్ కాలువ పక్కపొంటి పోతది."

"ఎంత పొడవుంటుంది?"

"రెండు కిలోమీటర్లుంటది సార్." అడక్కపోయినా పూడిక కూడా బాగా ఉందని చెప్పాను. నా నోరు అట్లాంటిది.

ఆ తొమ్మిది మందిలో ఒకతను ఏడేళ్లు దుబాయ్‌లో పైపులు మోసి వచ్చినవాడు. ఏజెంటు మళ్లీ వీసా చూపిస్తుంటే, ఇక్కడే పని నిలబడితే పోనని మొక్కుకుని మాల వేశాడు. ఒకరోజు నా పక్కన కూర్చుని చెప్పాడు. "పెద్దసారూ, నా బిడ్డ ఫోన్ల బొమ్మనే బాపు అనుకున్నది. నేనింటికస్తె తలుపెనుక దాగింది. ఇప్పుడిప్పుడే నా పక్కల పండుతాంది."

మాల తీయడానికి వాళ్లు కొండగట్టుకు పోయిన రోజున, దీక్ష సాఫీగా అయిపోయిందన్న సంబరంతో నాలుగో పిల్లను మూసేశాను. మర్నాడు పొద్దున తొమ్మిది గుండ్లు యార్డు ముందు నిలబడ్డాయి. కాలువకు పోయే లారీ ఎక్కేముందు మస్టర్ వేసుకోవాలి.

"పెద్దసారూ, మస్టర్ పడ్తలే," అన్నాడు దుబాయ్ అతను.

"గుండు జూసి గుర్తు పడ్తలేదేమో. జర వెలుతురుకు జరుగు."

"ముఖం కాదు సారూ. గిది చదువుండ్రి."

చదివాను. పని ముగిసింది, మిమ్మల్ని రిలీవ్ చేశాం అని ఉంది. తొమ్మిది ఫోన్లలోనూ అదే. లేని కాలువ మరమ్మతు పూర్తయిందని, దాని మీది మనుషులతో ఇక పని లేదని హైదరాబాద్ అనుకుంది. అనుకోదా మరి? చెప్పింది నేనే కదా.

అతను చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీశాడు. "ఏజెంటు పన్నెండింటికి బస్టాండ్ల ఉంటనన్నడు. పని ఉంటె రాను, లేకుంటె వస్త అని మాటిచ్చిన. నిన్న మాల తీసిన, ఇయ్యాల గిట్లచ్చింది. స్వామి పొమ్మన్నట్టే గద."

స్వామి కాదు నాయనా, నేను, అనాలి. ఆ మాట వదిలి అతని ఫోన్‌లో ముక్కే ఇంకోసారి చదివాను.

భాయ్ నన్ను స్టోరులోకి లాగాడు. "తూము బంద్ జేసినవ్. కింద పొలాలున్నయని జూసినవా? ముందుగాల మనుషులను పక్క పిల్ల కాలువలకు మార్చి, గప్పుడు బంద్ జెయ్యాలె."

"ఇప్పుడు మారుస్త."

"నీ చేతిల ఉన్నదా? రిలీవ్ అయినోన్ని హైదరాబాదోళ్లే తేవాలె. ఫోన్ జెయ్."

"ఫికర్ లేదు. స్వాముల కాలువ మళ్ల పగిలిందంట."

"రేపు ఇంజనీరు పగులు చూస్తనని అచ్చి నిలబడ్తె, గడ్డపార వట్టి నువ్వే పగలగొడ్తవా? పగలగొట్టనీకె కాలువ సుత ఉండాలె గద!"

బయట అతను పాస్‌పోర్టు అంచు గోటితో గీరుతూ నిలబడి ఉన్నాడు. ఫోన్ చేశాను. గంట మోగుతుండగానే పెట్టేయబోతే భాయ్ ఫోన్‌ను నా చెవికి ఆనించి పట్టుకున్నాడు. ఈ సంగతి హోటల్లో ఎన్నడూ చెప్పలేదు.

"గా కాలువ లేదు సార్," అన్నాను.

"లేదా? మరి తొమ్మిది మంది ఇన్నాళ్లూ ఎక్కడ పని చేశారు?"

"హుజూరాబాద్ కాలువ మీదనే సార్. పని నిజం. కాలువ పేరే నేను పుట్టిచ్చిన. పూడిక సుత."

"ఎందుకండీ?"

"మాల మీద చెప్పులేసుకోరు సార్. అరికాళ్లు కాల్తయని పొద్దుగాల షిఫ్టు వెట్టిన."

"ఆ ముక్క ముందే చెప్తే పోయేది కదా పెద్దాయనా," అన్నాడు.

ఆ ఆఫీసాయనే ఒక్కొక్కరినీ మళ్లీ తీసుకుని హుజూరాబాద్ పిల్లలో వేస్తూ వచ్చాడు. దుబాయ్ అతని పేరు ఏడోది. మస్టర్ పడింది. గుండు మీద చేయి వేసి రుద్దుకున్నాడు. తర్వాత ఏజెంటుకు ఫోన్ చేసి, "అన్నా, నేను రాను. పని ఉన్నది," అని పెట్టేశాడు.

అప్పుడు చెప్పాను, మూసింది స్వామి కాదు, నేనని. నన్ను ఎగాదిగా చూశాడు. "పెద్దసారూ, నా పానం తీసిండ్రు గద!" అని, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక పాస్‌పోర్టు భాయ్ వైపు చాపాడు. "భాయ్, గిది స్టోర్ల పెట్టి తాళమెయ్. నా జేబుల ఉంటె మల్ల మనసు గుంజుతది."

భాయ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేనేమన్న నీ దుబాయ్ సేటు కఫీల్‌నా నీ పాస్‌పోర్టు గుంజుకోనీకె? ఏడేండ్లు వాని కాడ ఉన్నది చాలదా? నీది నీ కాడనే ఉండనియ్."

అతను దాన్ని సంచిలో టిఫిన్ డబ్బా అడుగున పెట్టాడు. యార్డు గోడ గూట్లోంచి చెప్పులు తీసి, నలభై రెండో రోజున కాళ్లకు తొడుక్కుని లారీ ఎక్కాడు.

కొత్త పిల్లను కట్టే అధికారం ఆ వారమే నా ఫోన్‌లోంచి తీసేశారు. నేనే వద్దని వాపసు ఇచ్చానని చెప్తుంటాను.