స్వాములకు వండిన ఆలుగడ్డ కూర

ఆలుగడ్డ అంత మంచిది లోకంల ఇంకోటి లేదు. ఎవ్వలతోని పంచాయితి పెట్టుకోదు. పప్పుల ఏస్తే పప్పుతోని, వంకాయల ఏస్తే వంకాయతోని, కోడిగుడ్డుల ఏస్తే కోడిగుడ్డుతోని కలిసిపోతది. గసొంటి ఏ పాపం ఎరుగని ఆలుగడ్డను పట్టుకొని, ఒక్క పూటల మా కోరుట్ల వాడకట్టు మొత్తం ఆగం చేసి, మా ఆయన మాలకే ఎసరు పెట్టినదాన్ని నేను. వినుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గని, మా అత్తమ్మ ముంగట మాత్రం ఈ ముచ్చట ఎత్తకుండ్రి. ఆమెకు ఇప్పటికీ సగమే తెలుసు.

అప్పటికి నా పెండ్లయి రెండేండ్లు. మస్కట్ల మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడి, ఆయన ఇంటికి అచ్చిండు. కొత్త వీసా కోసం ఏజెంటు ఇంటి చుట్టు తిరిగి తిరిగి చెప్పులు అరగగొట్టుకున్నడు. ఆఖరుకు కొండగట్టు అంజన్నకు మొక్కి మాల ఏసుకున్నడు. "నిష్ఠ తప్పకుంట మాల దించితే వీసా అస్తది" అని మా అత్తమ్మ గట్టిగ నమ్మింది. నేను సుత నమ్మిన. వీసా రాకుంటే మా ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతదో ఆయనకు, నాకు ఎర్కే.

మాల ఏసుకున్నోళ్ల ఇంటి కట్టుబాట్లు మీకు తెలిసినవే. కల్లు బంద్, నీసు బంద్. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ బంద్. గడ్డలల్ల ఇగ మిగిలింది ఆలుగడ్డ ఒక్కటే. ఇంకో కట్టుబాటు ఉన్నది, అది మాత్రం నాకు మస్తు నచ్చింది. మాలల ఉన్న మొగన్ని "స్వామీ" అనాలె. ఆయన పెండ్లాన్ని "మాతా" అనాలె. తిట్టరాదు, గులుగరాదు, కోపానికి రారాదు. రెండేండ్లల్ల మొదటిసారి మా ఇంట్ల నా రాజ్యం నడిచింది. చాయల చక్కెర మరిచిపోతే, "మాతా..." అని పండ్లు కొరుక్కుంట అంటుండె. "చెప్పుండ్రి స్వామీ" అంటుంటి. గంతే. మిగిలిన మాటలు చాయతోనే మింగుతుండె.

గసొంటి సుఖం నాకు ఎన్నొద్దులు ఆగుతది చెప్పుండ్రి? మా దిక్కు మాల ఏసుకున్న స్వాములకు దినానికి ఒకరింట్ల భిక్ష. మా వంతు అచ్చే యాళ్లకు, ఆడిబిడ్డ కాన్పు ఉన్నదని మా అత్తమ్మ వీర్నపల్లికి పోయింది. పోయేటప్పుడు బస్సు కిటికీలకెల్లి తలకాయ బయట పెట్టి మల్ల చెప్పింది: "పిల్లా, పప్పు చెయ్యి, చారు చెయ్యి, పెరుగు పెట్టు. కొత్త ఏషాలు ఏయకు!"

గా మాటకే నాకు రేషం అచ్చింది. పప్పు, చారు ఎవ్వలు చెయ్యరు? పైంగ మా ఆయన మస్కట్ రూంల దినాం ఉడకబెట్టిన ఆలుగడ్డల మీద ఉప్పు సల్లుకొని తిన్న మనిషి. ఫోన్ చేసి "ఏం కూర?" అంటే, చావు కబురు చెప్పినట్టు "ఆలుగడ్డ" అనేటోడు. ఆలుగడ్డ అంటే ఏందో ఆయనకు చూపెట్టాలె, స్వాములు నన్ను మెచ్చుకోవాలె, వీర్నపల్లి దాక నా పేరు పోవాలె. గిది నా లెక్క.

పొద్దుగాల్నే మొదలువెట్టిన. చిన్న చిన్న గుండ్రటి ఆలుగడ్డలు ఉడకబెట్టి, పొట్టు తీసి, నూనెల ఎర్రగ ఏంచిన. ఎండుకొబ్బెర, గసాలు దంచి పొయ్యి మీది గంజుల ఏసిన. రసం చిక్కబడ్డది, నూనె పైకి తేలింది. సూపుకు బాగనే ఉన్నది గని, వాసనల ఏదో తక్కువైనట్టు అనిపిచ్చింది. దేవుని పేరు మీద వండింది, స్వాములు తినకముందు రుచి చూడరాదాయె. మా అమ్మగారింట్ల కూరల పస తక్కువైతే మా అమ్మ ఒక ఎర్ర పొట్లం మసాల ఏసేది. గదే పొట్లం మూల మీది దుకాణంల తెచ్చి దాచుకున్న. చించిన, ఏసిన. చెంచాడు ఏస్తే నా బతుకు వేరే ఉండు. సగం పొట్లం గుమ్మరిచ్చి, మిగిలింది కిటికీల పెట్టిన.

అబ్బ, ఏం వాసన! మొదలు కుక్కలు అచ్చినయ్. గల్లీ కుక్కలన్ని మా వాకిట్ల, పెండ్లి బంతికి కూసున్నట్టు వరుసగ కూసున్నయ్. ఎన్క పక్కింటి పోచవ్వ పెద్దమ్మ. దినమంత బీడీల చాట ఒళ్లెకెల్లి దించని మనిషి, చాట ఇడిసిపెట్టి అచ్చింది.

"ఏమే పిల్లా, మీ అత్త ఊళ్లె లేదని యాట కూర వండుతున్నవా?"

"రామ రామ! స్వాములకు భిక్ష పెద్దమ్మా. ఆలుగడ్డ."

"నా ముక్కు నాకంటే పెద్దది. దానికి చెప్తున్నవా అబద్ధం?"

"మూత తీస్త, నువ్వే సూడు!"

ఒంగి చూసింది. ఎర్రటి రసంల గుండ్రటి ముక్కలు కుతకుత ఉడుకుతున్నయ్. "తునకలు మంచిగ కొట్టిండు, ఏ దుకాణంల తెచ్చినవే?" అన్నది.

ఆమెకు సర్దిచెప్పేలోపే స్వాములు అచ్చి కాళ్లు కడుక్కున్నరు. ముంగట గురుస్వామి. మాల లేనప్పుడు తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, గొంతు గంట లెక్క ఉంటది. మా ఆయన ఆఖరు ఇస్తరాకు కాడ కూసున్నడు. అన్నం పెట్టిన, పప్పు పెట్టిన, కూర ఏసిన. గురుస్వామి దేవుణ్ని తలుసుకొని ముద్ద ఎత్తిండు. ముక్కు కాడికి అచ్చి చెయ్యి ఆగింది.

"మాతా, ఇదేం కూర?"

"ఆలుగడ్డ స్వామీ."

"ఏం ఆలుగడ్డ?"

"గుండ్రటి ఆలుగడ్డ స్వామీ."

అందరి చేతులు గాలిల ఆగినయ్. ఒక్క మా ఆయన చెయ్యి తప్ప. ఆకలి మీద ఉన్నడు పాపం, అప్పటికే ముద్ద నోట్లె పెట్టుకున్నడు. దేవుని అన్నం ఉమ్మరాదు, అనుమానం కూర మింగరాదు. బుగ్గలు బూరెల లెక్క ఉబ్బి, గుడ్లు మిటకరిచ్చి నన్ను సూస్తున్నడు.

అంతల ఒక స్వామి కిటికీ దిక్కు ఏలు చూపెట్టిండు. నా పొట్లం! దాని మీద కొమ్ములతోని, గడ్డంతోని, ఆధార్ కార్డుకు ఫోటో దిగినట్టు నిటారుగ నిలబడ్డది మేకపోతు. నిజంగ చెప్తున్న, అప్పటిదాక ఆ బొమ్మ దిక్కు నేను సూడనే లేదు. మాకు మసాల అంటే మసాలనే.

మేకపోతును చూసిన బెదురుకు మా ఆయన గొంతుల ముద్ద గుటుక్కున దిగిపోయింది.

"మాతా!" అన్నడు. ఊపిరి తీసుకొని "మాతా!!" అన్నడు. ఇంకోసారి "మాఽతా!!!" అన్నడు. మాల లేకుంటే ఆ మూడు మాతల జాగల ఏం మాటలు ఉండునో నాకు తెలుసు, మీకు తెలుసు.

నేను సుత ఊకుంటనా? "స్వామీ, బొమ్మ ఉంటే ఏందట? పోచవ్వ పెద్దమ్మ చేసే బీడీల కట్ట మీద ఏనుగు బొమ్మ ఉంటది. బీడీల ఏనుగు ఉంటదా?"

"నన్నెందుకు నడుమ గుంజుతవే!" అని గోడ అవతలికెల్లి పోచవ్వ ఒర్రింది. ఇద్దరు స్వాములు నవ్వు ఆపుకోలేక దగ్గిండ్రు.

గురుస్వామి మాత్రం నవ్వలేదు. "సరే మాతా, అండ్ల మేక లేదు. ఎల్లిగడ్డ లేదని చెప్తవా?"

 యాట కూర మసాలల ఎల్లిగడ్డ ఉంటదని చిన్న పిలగాండ్లకు సుత ఎర్కే.

మా ఆయన మొకం చూసిన. కోపం ఉన్నా బాగుండు. నెత్తురు సుక్క లేదు. "నా నిష్ఠ పాయెనా గురుస్వామీ?" అని సన్నగ అడిగిండు. గా గొంతు ఇని నాకు దుక్కం ఆగలేదు. వీసాను నా చేతులతోని నేనే గంజుల ఏసి వండినట్టు అనిపిచ్చింది. పొయ్యి కాడ కూలబడి ఏడ్సిన.

గురుస్వామి ఆయన భుజం మీద చెయ్యి ఏసిండు. "తెల్వక తిన్నవ్ స్వామీ. పోయి తానం చేసి, అంజన్నకు దండం పెట్టుకొని రా. ఆలుగడ్డేదో, యాటేదో ఆయనకు మనకంటే బాగ ఎర్కే." ఎన్క నా దిక్కు తిరిగిండు. "మాతా, ఏడుపు ఆపు. ఇంక ఆలుగడ్డలు ఉన్నయా?"

"ఉన్నయ్ స్వామీ."

"ఉడకబెట్టు. ఉప్పు, మిరియాలు చాలు. పొట్లాలు ముట్టకు."

గట్లనే ఉడకబెట్టిన. స్వాములందరు వాకిట్ల కూసొని, కాలుతున్న ఆలుగడ్డలను ఈ చేతిలకెల్లి ఆ చేతిలకు ఎగరేసుకుంట, ఊదుకుంట, పొట్టు తీసుకుంట తిన్నరు. తానం చేసి అచ్చిన మా ఆయన ముంగట ఒకటి పెడితే, దాన్ని చూసి, నన్ను చూసి, "మస్కట్ల సుత గిదే మాతా" అన్నడు. గంజు కూర పోచవ్వకు పోయింది. జరసేపటికి గోడ అవతలికెల్లి కేక: "పిల్లా! నిజంగ ఆలుగడ్డనేనే!" నమలనీకి బొక్కలు దొరకని కుక్కలు నన్ను తిట్టుకుంట పోయినయ్.

ఆ దినం మా ఆయన పండుకునే ముందు ఒక్కటే మాటన్నడు. "మాతా, మాల తీసినంక మాట్లాడుత."

గా మాటతోని నా రాజ్యం కూలింది. కొండగట్టుకు పోయి మాల తీసి అచ్చేదాక నాకు తిండి సయించలేదు. ఇంటికి అచ్చిండో లేదో, ఆయన నోరు తెరవకముందే నేను ఉపాయం చేసిన. "ఆదివారం గురుస్వామిని, అందర్ని భోజనానికి పిలిచిన. ఈసారి నిజంగ యాట కూర" అన్న. మంది ముంగట తిట్టడు గదా!

ఆదివారం అందరు అచ్చిండ్రు. కూర వండుడు మొదలువెట్టిన. మసాల దిక్కు సూడనే లేదు. ఎల్లిగడ్డ ముట్టుకుంటే గురుస్వామి గొంతు ఇనవడ్డది, అదీ పక్కకు పెట్టిన. ఉప్పు, కారం, పసుపు ఏసి దించిన.

గురుస్వామి ఒక తునక నోట్లె పెట్టుకున్నడు. నమిలిండు. ఆగిండు. మల్ల నమిలిండు. మా ఆయన నా దిక్కు ఓర సూపు సూస్తున్నడు. నేను తలుపు ఎన్క దాక్కున్న.

"అవ్వా," అన్నడు గురుస్వామి, "మాల ఉన్నప్పుడు ఆలుగడ్డల యాటను పెట్టినవ్. మాల తీసినంక యాటల ఆలుగడ్డను పెట్టినవ్. నీకో దండం తల్లీ!"

ఇల్లు గొల్లుమన్నది. అందరి కంటే ఎక్కువ మా ఆయనే నవ్విండు, పొలమారి నెత్తి కొట్టుకునేదాక నవ్విండు. ఇన్నొద్దులు దాచుకున్న తిట్లన్ని ఆ నవ్వులనే కొట్టుకపోయినయ్. వీసా ముచ్చట అంటరా? కొన్నొద్దులకు అదీ అచ్చింది.

ఇగ నా ఒట్టు ఇనుండ్రి. నా చేతిల గంటె ఉన్నన్నాళ్లు, కొమ్ములున్నది గని, తోకున్నది గని, కూత కూసేది గని, ఏ పానం బొమ్మ ఉన్న పొట్లాన్నైనా ఆలుగడ్డ గంజు దరిదాపులకు రానియ్య. ఒకవేళ రానిస్తే, మా ఆయన నన్ను బతికినన్నాళ్లు "మాతా" అనే పిలువాలె.