గాలిసంచికి వేసిన దుప్పటి మాసిక

ఈ ఉదయం పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, ఇంటి మీదుగా చిన్న విమానం ఒకటి గరగరమంటూ పోయింది. గిన్నె దించబోయినదాన్ని మసిగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మోత వింటే నాకు మాలతి మేడమ్ గారే గుర్తొస్తారు.

నేను చదివింది మూడో తరగతి. అయినా పదేళ్లు విమానాలు దిగే దారి ఊడ్చాను. మా ఊరి చివర విమానం నడపడం నేర్పే మైదానం ఉండేది. పెద్ద ఊళ్లలోలాగా 'నువ్వు ఆగు, నువ్వు దిగు' అని చెప్పే మనిషి అక్కడ లేడు. వచ్చేవాళ్లే ఎక్కడున్నామో రేడియోలో చెప్పుకుని, ఒకరినొకరు చూసుకుని దిగాలి. నేర్పేది మేడమ్ గారు. బొబ్బిలి మనిషి. శిష్యులకు ఇంగ్లీషులో చెప్పిందే నాకు మన మాటల్లో చెప్పేవారు.

"గట్టు మీద గడ్డిమోపుతో వస్తన్నప్పుడు ఏటి సేస్తావే సూరమ్మా?"

"కేకేస్తానమ్మా. మోపు సాటున ఎదుట ఎవులున్నారో కనపడరు గదా."

"బదులు రాపోతే?"

"ఎవులూ లేరని నడిసెల్లిపోతాను."

"అక్కడే సచ్చేది! ఎదుటోడు సెవిటోడు కావొచ్చు. కేకేసినాక కూడా సూడాల."

గాలి ఎటు వీస్తోందో చూపడానికి స్తంభానికి గుడ్డ గొట్టం ఒకటి కట్టి ఉండేది. గాలిసంచి అనేవాళ్లం. విమానం గాలికి ఎదురుగా దిగాలి కనుక, ఏ కొస నుంచి రావాలో అదే చెబుతుంది. ఒకసారి అది చిరిగింది. కొత్తది అడగడం నాకు ఇష్టం లేదు. పాత దుప్పటి ముక్కతో మాసిక వేసి, నా పొదుపుకు నేనే మురిసిపోయాను.

మర్నాడు సముద్రం వైపు నుంచి పిల్లగాలి. స్వప్న అనే శిష్యురాలు మొదటిసారి ఒంటరిగా ఎగిరి, కొండ వైపు నుంచి దిగుతోంది. మూడుసార్లు రేడియోలో చెప్పింది. ఎవరూ పలకలేదు. అయినా మేడమ్ గారు రేడియో పట్టుకుని ఆకాశమంతా వెతుకుతూనే ఉన్నారు. సముద్రం వైపు నుంచి ఇంకో విమానం, ఎదురెదురుగా, అదే దారికి దిగుతోంది!

"స్వప్నా, దిగకు! కుడికి తిరిగి పైకి లేపు!"

స్వప్న విమానం ఒరిగి తాటిచెట్ల మీదుగా లేచిపోయింది. రెండోది నేలను తాకింది.

దిగినాయన రేడియో పాడైందట. "సంచి వేలాడుతోంది. గాలి లేదనుకుని దగ్గర కొస నుంచి వచ్చేశాను" అన్నాడు.

తలెత్తి చూశాను. దుప్పటి బరువుకు సంచి తడిచీరలా వేలాడుతోంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పని పోతే ఇల్లు గడవదు. కానీ స్వప్న ఇంకా పైనే తిరుగుతోంది. ఆ సంచిని చూసే మళ్లీ దిగాలి.

"నానే మేడమ్ గారూ. దుప్పటి ముక్కేసి కుట్టినాను. బరువుకి లెగట్లేదు."

ఆవిడ ముందు రేడియోలో గాలి ఎటుందో చెప్పి స్వప్నను దింపారు. ఆ తర్వాతే నావైపు తిరిగారు.

"పిసినారిదానా! నీ దుప్పటి నీ కాడే ఉంచుకో. తేలిక గుడ్డ సూసి కుట్టు. రేపు పెందలాడే రా."

పెట్టె అడుగున దాచిన మా ఆయన పెళ్లినాటి పొందూరు పంచెను నేనే కత్తిరించాను. సాయంత్రానికి సంచి మళ్లీ గాలికి లేచింది.

మేడమ్ గారు పోయి చాలాకాలమైంది. ఆ దుప్పటి ముక్కే ఈ మసిగుడ్డ. పారేయడానికి చేతులు రాలేదు.

ఇందాక ఆ మోతలో పడి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. కోడలు ఇంకా రుచి చూడలేదు. వంటింట్లోంచే కేకేశాను.

"ఒసే, పప్పులో ఉప్పు రెండుపాలి ఏసీసినాను. నానే!"

బదులు రాలేదు. గిన్నె దించి, కోడలు ఎక్కడుందో చూడటానికి వాకిట్లోకి నడిచాను.