కొండ వంపులో నా కరెంటు బండిని తోసిందెవరు?

దెయ్యాలంటే నాకు నవ్వు. స్పిన్నింగ్ మిల్లులో మెషిన్లు రిపేరు చేసే పని నాది. ఏది కదిలినా దాని వెనక మోటారో, బెల్టో, మనిషో ఉండాలి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఆ మూడూ లేవు.

మాది రాజపాళయం. పడమటి కొండ మీద మా నాయనకు చిన్న మామిడితోపు ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆయన నడిచి ఎక్కలేరు, పాత మోపెడ్ మూలపడింది. తోపు కొంటానని సత్రపట్టి నుంచి ఒకాయన తిరుగుతున్నాడు. అది పోకూడదనే నేను కరెంటు బైకు కొన్నాను. నాయన దాన్ని చూసి పిండి గ్రైండరు అన్నారు.

"రేపు పొద్దన నన్ను తోపు దాకా ఎక్కిచ్చు. ఎక్కలేదంటే సాయంత్రమే ఆయనకు సరి అని చెప్పేస్తా."

ఆ రోజు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, మిల్లులో అడిగినవాళ్లందరికీ బండి ఇచ్చి ఒక్కో రౌండు కొట్టించాను. ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టడం మరిచిపోయాను. పొద్దున చూస్తే ముప్పై శాతం ఉంది. చదును రోడ్డు మీదైతే అది బోలెడు. నాయనకు చెప్పే ధైర్యం లేక అలాగే బయల్దేరాను. మా తెల్లకుక్క పక్కనే పరుగెత్తింది.

కొండ మొదలయ్యాక శాతాలు కళ్లముందే కరిగిపోయాయి. మూడో వంపులో, దారి బాగా నిక్కిన చోట, సున్నా చూపించి డిస్‌ప్లే ఆరిపోయింది. నాయన మోకాలు పట్టుకుని దిగారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నేనూ దిగబోతుంటే బండి కదిలింది. పైకి.

నాయనే తోస్తున్నారనుకున్నాను. ఇంజను చప్పుడు లేని బండి కదా, వెనక చెప్పుల టపటపలూ, ఆయాసమూ స్పష్టంగా వినబడ్డాయి. కొత్తవాళ్లెవరు కనబడినా మొరిగే మా కుక్క, వెనక్కి చూస్తూ తోక ఊపుతోంది. అద్దాలు నేనింకా బిగించలేదు. ఆ ఏటవాలులో తల తిప్పే వీలూ లేదు.

"వద్దు నాయనా, మోకాలు పోతుంది, ఇడిచిపెట్టు!" అని దారి పొడుగునా అరిచాను. ఆ వయసులో నా కోసం తోస్తున్నారే అని ఏడుపు కూడా వచ్చింది.

తోపు గేటు దగ్గర స్టాండు వేసి తిరిగాను. ఎవరూ లేరు. కుక్క మాత్రం ఖాళీ రోడ్డును చూసి తోక ఊపుతోంది.

బండిని కిందికి దొర్లించుకుంటూ వచ్చాను. నాయన అదే వంపులో రాయి మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నారు. బండి వెనక ఆయనకు ఎవరూ కనబడలేదట.

"నేను దిగినాక ఎంత సుళువుగా ఎక్కేసినాది! బండి మంచిదేరా. నేనే బరువు జాస్తి."

బండి కొన్న షాపులో అడిగాను. సున్నాకొచ్చాక మోటారు తిరగదు, ఎవరో తోసి ఉంటారు అన్నాడు మెకానిక్. అది నాకూ తెలుసు.

సాయంత్రం సత్రపట్టి ఆయన వచ్చాడు. నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "నా కొడుకు బండి ఎక్కినాది. తోపు ఇచ్చేది లేదు" అన్నారు. నాది ఏదైనా ఆయన బయటివాళ్ల ముందు మెచ్చుకోవడం నేను పుట్టాక అదే మొదలు. నిజం చెప్పకుండా వెళ్లి బండిని చార్జింగ్‌కు పెట్టాను. ఇప్పుడు ఫుల్ చార్జ్ పెట్టి వారానికి రెండుసార్లు ఆయన్ని పైకి తీసుకెళ్తున్నాను. బండికి భారం కాకూడదని ఆయన ఇడ్లీలు తగ్గించారు.

తోసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే దండం పెడతాను. ఈ సంగతి మాత్రం నాయన చెవిన వెయ్యొద్దని కాళ్లు పట్టుకుంటాను, వాళ్లకు కాళ్లుంటే.